కంట్లో కిటికీ

మా పిన్ని పోయింది. మంగళవారం పొద్దున ఇడ్లీ తిని, కాఫీ తాగి, కింద ఉండే ఇంటి ఓనరమ్మతో "స్వల్ప ఎండ ఎక్కనీ, దిగొస్తా" అని తన బెంగళూరు తెలుగులో చెప్పి, తన గదిలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. డెబ్బై దాటిన మనిషి, ఎవరి చేతా చాకిరీ చేయించుకోకుండా, తనకిష్టమైన వెలుతురులో వెళ్ళిపోయింది. ఇంతకన్నా మంచి చావు నాకు తెలియదు. కాబట్టి ఇందులో ఏడుపు కోసం వెతక్కండి. కోపం మాత్రం కాస్త ఉంటుంది. నా రాతలు చదివేవాళ్ళకి అది కొత్తేం కాదు.

బుధవారం భూస్థాపన అయింది. ఆ సాయంత్రమే మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ పెట్టాడు. ఆదివారం చర్చి హాల్లో జరగబోయే జ్ఞాపకార్థ కూడికకి కట్టే ఫ్లెక్సీ అది. పైన పావురం, కింద వాక్యం, మధ్యలో ఒక తెల్లటి ఆవిడ. ఎవరీవిడ అని నిజంగానే అనుకున్నాను. పొట్టు తీసిన బాదంపప్పులా ఉంది. నుదుటి మీద గీతల్లేవు. చెంప మీద పుట్టుమచ్చ లేదు. ఫోన్లో ఏదో యాప్ మా పిన్నిని ఉతికి, గంజి పెట్టి, ఆరేసింది. బతుకంతా మనుషుల్ని ఉన్న రంగులో వేసిన పోర్ట్రెయిట్ ఆర్టిస్టుకి కడుపున పుట్టినవాడు చేసిన సన్మానం ఇదీ.

"తీసెయ్" అని రాశాను.

"అక్కా, ప్లీజ్, ఇప్పుడు మొదలెట్టకు" అని జవాబొచ్చింది.

మొదలెట్టాను. ఆదివారం ఆ వేదిక మీద ఏ మొహం నిలబడబోతోందన్నది నాకు చిన్న సంగతి కాదు. చావు తర్వాత కూడా ఒక నల్లటి ఆడమనిషిని తెల్లగా చేస్తే తప్ప దండ వెయ్యలేని సమాజం మీద నాకున్న అభిప్రాయం మీకు తెలిసిందే. కానీ చిక్కొకటి వచ్చిపడింది. దాని బదులు పెట్టడానికి ఇంకొకటి లేదు. పిన్ని కెమెరా కనబడితే మొహం తిప్పేసుకునేది. తమ్ముడు వాడుకున్నది కూడా ఎప్పుడో స్టూడియోలో అవసరానికి దిగిన పాస్‌పోర్టు సైజు ఫోటో. ఊరందరి బొమ్మలూ వేసింది గానీ తన బొమ్మ ఒక్కటీ వేసుకోలేదు. ఎందుకు వేసుకోవని అడిగితే, "నా మొహం ముందర కూర్చునే ఓపిక నాకెక్కడిదే" అని నవ్వేది.

పిన్నిది చీరాల. మా అమ్మకి చెల్లెలు. మా తాత నూలుకి రంగులద్దేవాడు. తొట్టిలోంచి తీసిన నూలు చిలపల్ని, ఆ తడి కట్టల్ని, ఎండలో ఆరేస్తూ, తడిగా ఉన్నప్పటి రంగుని నమ్మొద్దని చెప్పేవాడట. పిన్ని ఆ మాటని మనుషులకి కూడా వర్తింపజేసేది. కొత్తగా పరిచయమైన వాళ్ళని నేను తెగ పొగుడుతుంటే, "ఇంకా తడి ఆరలా, ఆగు" అనేది.

పిన్నిది ఎడంచేతి వాటం. బడిలో ఆ చేతిమీదే బెత్తం పడేది. బజార్లో సైన్‌బోర్డులు రాసే ఒకాయన కొట్టు ముందు నిలబడి చూస్తుంటే, "ఊరికే చూడ్డం దేనికి, ఈ అక్షరాల్లో రంగు నింపు" అని ఆయన కుంచె చాపాడట. ఎడంచేత్తో అందుకుంది. "ఊళ్ళో ఆయనొక్కడే ఏమీ అనలా" అని ఎన్నిసార్లు చెప్పిందో. అక్షరాల నుంచి గోడల మీద సబ్బు ప్రకటనలకి, అక్కణ్ణుంచి ఆ ప్రకటనల్లో ఆడవాళ్ళ మొహాలకి ఎదిగింది. మా పేట పిల్ల, నల్లపిల్ల, నిచ్చెనెక్కి మల్లెపువ్వు లాంటి మొహాలు వేస్తుంటే జనం ఆగి చూసేవాళ్ళు. ఆ తెల్లమొహాలంటే తనకి అప్పుడే విసుగొచ్చిందట. "ఒక్క డబ్బా రంగుతో అయిపోతది. చెయ్యడానికి పనే ఉండదు అందులో."

బాబాయికి బెంగళూరులో ఆస్పత్రి లాబ్‌లో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరూ ఆ ఊరి శివార్లలోని హూడి వచ్చేశారు. వలస అంటే మన పత్రికల్లో ఎప్పుడూ మగవాడి కథే. ఆడది మొగుడి వెంట రైలెక్కితే దాన్ని కాపురానికి వెళ్ళడం అంటాం. నేనొప్పుకోను. చీరల మధ్య కుంచెలు చుట్టుకుని, భాష తెలియని ఊరికొచ్చి, ఇంటింటికీ తిరిగి పని అడిగి పేరు తెచ్చుకున్న మనిషిది కాపురం మాత్రమే ఎలా అవుతుంది? ఆ మాట అంటే పిన్ని మాత్రం, "రెండూనూ. కాపురం కూడా బాగానే చేశాలే" అనేది.

హూడిలో వాళ్ళకి దొరికింది ఒక మేడ మీద వాటా. ఓనరమ్మావాళ్ళు తాతల కాలం నుంచి అక్కడివాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. వాటాలో నీళ్ళు సరిగా రావు, వంటగదిలో ఇద్దరు పట్టరు. కానీ ముందుగదికి ఉత్తరాన నిలువెత్తు కిటికీ ఉంది, మూడు నిలువు ఊచలతో. బాబాయి వంటగది చూసి పెదవి విరిచాడట. పిన్ని కిటికీ చూసి సామాను దించమంది. చనిపోయేదాకా ఆ ఇల్లు మారలేదు. బాబాయి పోయాక తమ్ముడు వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాటు కొని రమ్మంటే వెళ్ళి చూసొచ్చి, "వెలుతురంతా బాల్కనీలోనే ఆగిపోతంది నాయనా" అని తిరిగొచ్చేసింది.

ఇక్కడ ఆవిడ పనితీరు చెప్పాలి. అదే ఈ కథంతా. మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టేది. తను కిటికీ అంచుకి ఆనుకుని నిలబడి వేసేది. కబుర్లు చెప్పించేది. "స్వల్ప గడ్డం ఇటు. ఆఁ, మీ అత్తగారి సంగతి చెప్పండి, అప్పుడు మొహం బాగుంటది." చివరి రోజున, ఒంటి వెంట్రుక లాంటి కుంచెతో కంట్లో మెరుపు పెట్టేది. మామూలుగా ఆర్టిస్టులు అక్కడ ఒక తెల్లచుక్క పెట్టి ఊరుకుంటారు. పిన్ని కిటికీ వేసేది. నిజం కిటికీ, మూడు ఊచలతో సహా, బియ్యపుగింజంత. ఆమె మొహాలు అసలుకన్నా కాస్త పెద్దవిగా ఉంటాయి కాబట్టి దగ్గరికెళ్తే కనబడుతుంది. "కంట్లో ఉన్నదంతా వెయ్యాలి. ఉన్నది మాత్రమే వెయ్యాలి" అనేది.

తొలిరోజుల బొమ్మల్లో ఆ కిటికీలో నీలగిరి చెట్ల బూడిదరంగు ఉంటుంది. తర్వాతి వాటిలో చెట్లుండవు. ఆ తర్వాత ఎదురుగా అపార్టుమెంటు లేచింది. అప్పటినుంచీ కిటికీలో కింద సగం చీకటి. హూడి ఏమైపోయిందో రాయడానికి నాకు బోలెడు వ్యాసాలు పట్టాయి. పిన్ని దాన్ని మనుషుల కళ్ళల్లోనే రాసి పెట్టింది.

ఆ అపార్టుమెంటు కట్టిన బిల్డరే ఒకరోజు బొమ్మ వేయించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన వెళ్ళాక గొడవ పెట్టుకున్నాను.

"నీ వెలుతురు మింగినవాడు పిన్నీ! వాడికెలా వేస్తావు?"

"వాడి మొహం మీద కూడా వెలుతురు పడతంది గదే. అది మానేసిందా? నేనెందుకు మానాలి?"

"అంటే న్యాయం అన్యాయం లేవా?"

"ఎందుకు లేవు? వాడి రెండు కళ్ళల్లోనూ వాడి బిల్డింగే వేశా. ఇంకేం కావాలి నీకు?"

ఆ బొమ్మని ఆయన మురిసిపోతూ పట్టుకెళ్ళి ఆఫీసులో తగిలించుకున్నాడు. నేను మాత్రం ఆ వాదనలో ఓడిపోయానని ఇప్పటికీ ఒప్పుకోను.

చనిపోయినవాళ్ళ బొమ్మలకి ఫోటో ఇస్తారు కదా, అప్పుడేం చేసేదో చూడండి. ఓనరమ్మ మామగారు పోయినప్పుడు ఆయన ఫోటో తెచ్చిచ్చారు. ఫోటోలో కళ్ళల్లో ఫ్లాష్ చుక్కలున్నాయి. పిన్ని ఆ ఫోటో పట్టుకుని కిందికి వెళ్ళి, పెద్దాయన రోజూ కూర్చునే జగలి, అదే మనమనే అరుగు, దాని మీద సాయంత్రమంతా కూర్చుంది.

"ఫోటో ఇచ్చినాం కదమ్మా. ఇంగ ఈడ కూర్చోని ఏం చూస్తా ఉండావు?" అంది ఓనరమ్మ.

"మీ మావయ్య ఏం చూసేవాడో చూస్తన్నా."

"ఏం చూస్తాడు, ఎనుముల్ని చూస్తా ఉండె."

"ఆ గేదెల కొట్టానికి తలుపు ఏ పక్కన ఉందో చెప్పు మరి."

పెద్దాయన కళ్ళల్లో కిటికీ బదులు కొట్టం వాకిలి వేసింది, సన్నటి వెలుగుపట్టీలాగా. ఆ కొట్టం ఇప్పుడు లేదు. అక్కడ పీజీ హాస్టల్ ఉంది. "మా మావ కండ్లలో మా పాత వాకిలి ఉండాది" అని ఓనరమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. నేను ఆ బొమ్మనీ, ఎదురుగా కూర్చోబెట్టి వేసిన బొమ్మల్నీ పోల్చి చూసి, "ఇందులో వెలుగు ఇంకా శుభ్రంగా ఉంది పిన్నీ" అన్నాను. "ఆయన నన్ను చూడలా కదే" అని కుంచె కడుక్కుంది. నేను ఆ మాట పట్టించుకోలేదు. ఏదో ఒకటి అంటూ ఉంటుందిలే అనుకున్నాను.

ఇక రంగు సంగతి. పిన్ని కొన్నాళ్ళు ఒక బడిలో డ్రాయింగు చెప్పింది. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ రిటైరవుతుంటే ఆమె బొమ్మ వేసింది. ఆమె చూసి, "ఏమ్మా, నేనింత నలుపా?" అంది. ఇప్పుడు నేనైతే అరగంట ఉపన్యాసం ఇద్దును. పిన్ని లోపలికెళ్ళి గోడ అద్దం తీసుకొచ్చి, కిటికీ వెలుతురులో బొమ్మ పక్కనే ఆనించి, "మీరిద్దరూ మాట్లాడుకుంటా ఉండండమ్మా, నేను టీ పెట్టుకొస్తా" అని వంటగదిలోకి పోయింది. ఆ టీ చాలాసేపు కాగింది. తిరిగొచ్చేసరికి హెడ్‌మిస్ట్రెస్ అద్దంలో ముక్కు తడుముకుంటూ, "బొమ్మలో ముక్కు నాకన్నా బాగుందే!" అంది. అంతే. అప్పటినుంచీ అదొక ఆనవాయితీ అయిపోయింది. ఎవరు రెండు షేడ్లు తగ్గించమన్నా అద్దం వచ్చేది, టీ కాగేది. టీ అయ్యేసరికి ఎక్కువమంది దారికొచ్చేవాళ్ళు. రానివాళ్ళు టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. టీ మాత్రం అందరికీ ఇచ్చేది.

ఆవిడ రంగుల పళ్ళెంలో నల్లరంగు ట్యూబు ఉండేది కాదు. నలుపుని కలుపుకునేది. "నలుపులో నీలం ఉంటది, ఎరుపు ఉంటది, కాస్త పచ్చ కూడా ఉంటది. తెలుపులోనే ఏమీ ఉండదు పాపం" అనేది. నేను ఈ మాటని ఎత్తి రాసి, వర్ణవివక్ష మీద కుంచెతో పోరాడిన యోధురాలు అని ఒక పత్రికలో పెద్ద వ్యాసం అచ్చేశాను. సంబరంగా తీసుకెళ్ళి చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివింది.

"నన్ను జెండా చేశావేంటే? కర్రకి కట్టి ఊపతన్నావు."

"అబద్ధం రాశానా?"

"పోరాటం నేను చెయ్యలా. ఉన్న రంగు వేశా. చెయ్యి నెప్పెట్టింది, అంతే."

ఈ దేశంలో ఉన్న రంగు వెయ్యడమే పోరాటం అని నేను, కాదు అది పని అని ఆవిడ. ఆ తగువు చివరిదాకా నడిచింది. మా ఇద్దరికీ అదొక వినోదం. ఫోన్ చేసి, "ఇవ్వాళ ఎవరి మీద పడ్డావే?" అని అడిగి మొదలెట్టేది.

శనివారం మధ్యాహ్నం హూడి వెళ్ళాను. తమ్ముడు ఆ గదిలోనే ఉన్నాడు, ఫ్లెక్సీ చుట్టతో సహా. ప్రింటయి వచ్చేసింది. విప్పి గోడకి ఆనించాడు. నిలువెత్తు బాదంపప్పు.

"సిగ్గులేదురా నీకు? అమ్మ బతుకంతా దేన్ని కాదందో దాన్నే అమ్మకి పూశావు" అన్నాను.

"అక్కా, నీకు అన్నీ ఆర్టికల్సే. నాకు అమ్మ. ఆ ఫోటోలో అలసిపోయినట్టు ఉంది. ఒక్క రోజు అందరి ముందూ ఫ్రెష్‌గా కనబడాలనుకున్నా. తప్పా?"

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. నా దగ్గర తయారుగా ఉన్న ఉపన్యాసం నాలిక చివరే ఉంది. అప్పుడే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి, ఫ్లెక్సీ కేసి కళ్ళు చికిలించి చూసింది.

"ఈయమ్మ ఎవురప్పా? సినిమా యాక్టరమ్మ మాదిరి ఉండాది!"

తమ్ముడికి నవ్వొచ్చేసింది, ఆ ఏడుపులోనే. నాకూ వచ్చింది. దాంతో ఉపన్యాసం ఎటో పోయింది. మిగిలిన ఒక్క ప్రశ్నే అడిగాను. "ఇందులో కిటికీ ఏదిరా?"

పిన్ని కొడుకు కదా, ఇంకేం చెప్పక్కర్లేదు. వాడు వంగి ఫ్లెక్సీ కళ్ళల్లోకి చూశాడు. స్టూడియో లైటు, రెండు గుండ్రటి తెల్లగాజుల్లాగా ఉంది. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, ఎదురు గోడమీదున్న బాబాయి బొమ్మ దగ్గరికెళ్ళాడు. బాబాయి డ్యూటీ దిగి వచ్చి, నిద్రమొహంతో కూర్చున్నప్పుడు వేసిన బొమ్మ అది. కళ్ళల్లో కిటికీ, ఊచలు, నీలగిరి చెట్ల బూడిదరంగు.

"అక్కా, ఇక్కడ దుమ్ము పడింది" అని చొక్కా కొసతో సుతారంగా తుడిచాడు. పోలేదు.

ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూశాడు. కిటికీ అంచుకి ఆనుకుని ఒక నల్లటి గీత, ఆవగింజ చీలికంత. పైన చిన్న ముడి, కొప్పులాగా. ఎడంపక్క ఆ గీతలోంచి వెంట్రుకంత కొమ్మ ఒకటి పైకి లేచి ఉంది.

"చెయ్యి ఎత్తింది" అన్నాడు. "ఎడంచెయ్యి. అక్కా, అమ్మ. అమ్మ నిలబడి వేస్తా ఉంది."

ఓనరమ్మ పరుగులాంటి నడకతో కిందికెళ్ళి తన బొమ్మ పట్టుకొచ్చింది. ఆమె కళ్ళల్లోనూ ఉంది, అదే ముడి, అదే ఎత్తిన చెయ్యి. "దినామూ తుడుస్తా ఉంటి కదప్పా, పెయింటు ఒలికింది అనుకుంటి!" అని నోరు నొక్కుకుంది. మళ్ళీ కిందికెళ్ళి మామగారి బొమ్మ తెచ్చింది. దాంట్లో వాకిలి ఒక్కటే. ఎవరూ లేరు. ఆయన నన్ను చూడలా కదే, అనలేదూ పిన్ని. ఉన్నదంతా వెయ్యాలి, ఉన్నది మాత్రమే వెయ్యాలి. తన బొమ్మ వేసుకోలేదని మేమనుకున్న మనిషి, తనకెదురుగా కూర్చున్న ప్రతి మనిషి కంట్లోనూ తనని వేసుకుంది. గొప్పకి కాదు. అక్కడ కనబడింది కాబట్టి.

ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్లమీద ఫోన్లు చేశాడు. ఒకటే మాట. "రేపు వచ్చేటప్పుడు అమ్మ వేసిన బొమ్మ తీసుకురండి."

ఆదివారం ఫ్లెక్సీ కూడా వచ్చింది. దారి తెలియనివాళ్ళకి గుర్తుగా చర్చి గేటుకి కట్టారు. అది రాజీ కదా అని మీరంటారు. కాదు. చోటు మార్చడం. గేటు దగ్గర బాణం గుర్తుకి ఉండాల్సిన విలువ దానికిచ్చాం. లోపల వేదిక మీద ఏమీ పెట్టలేదు. ముందు వరసల్లో కుర్చీల మీద మనుషుల బదులు బొమ్మలు కూర్చున్నాయి. హెడ్‌మిస్ట్రెస్ గారి బొమ్మని ఆమె కూతురు ఆనేకల్ నుంచి చీరలో చుట్టి తెచ్చింది. నర్సులు, పాస్టర్లు, కొడుకులు పట్టుబట్టి కూర్చోబెట్టిన నెల్లూరు తల్లులు, వరంగల్ తండ్రులు. అందరూ ఉన్న రంగులోనే ఉన్నారు. ఒక్కొక్క బొమ్మలో ఒక్కొక్క నలుపు. పిన్ని చెప్పిన నీలమూ ఎరుపూ పచ్చా అక్కడ వరసగా కూర్చుని ఉంటే, హాలు మా తాత నూలు ఆరేసిన పెరడులా ఉంది.

పాస్టర్‌గారు ప్రార్థన క్లుప్తంగా ముగించి, "వెళ్ళి చూడండి" అన్నారు. పట్టుచీరలవాళ్ళు, కంపెనీ బ్యాడ్జీలవాళ్ళు, అందరూ మోకాళ్ళు వంచి, ఒకరి బొమ్మ కళ్ళల్లోకి ఒకరు చూడడం మొదలెట్టారు. "ఇదిగో!" "ఇందులోనూ ఉంది!" "స్వల్ప జరగండి, నాకు కనబడ్డం లేదు." చర్చిలో అంత సందడి నేనెప్పుడూ వినలేదు.

బిల్డరు కూడా వచ్చాడు. తన బొమ్మ తనే మోసుకొచ్చాడు, ముసలాడైపోయాడు. నేను అటు వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ వెళ్ళాను, వంగాను, నేను ఏళ్ళ తరబడి తిట్టిపోసిన ఆ మనిషి కళ్ళల్లోకి చూశాను. కింద సగం చీకటి. ఆ చీకటి పైన మిగిలిన కాస్త వెలుతురులో, కిటికీకి ఆనుకుని, చెయ్యెత్తి, మా పిన్ని పని చేసుకుంటోంది. తగువింకా తెగలేదు పిన్నీ, అనుకున్నాను. కానీ అక్కణ్ణుంచి లేవడానికి కాస్త ఆలస్యమైంది.

పొద్దువాలుతుండగా అందరూ బయల్దేరారు. బొమ్మల్ని మళ్ళీ గుడ్డల్లో చుట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆటోల్లో ఒళ్ళో నిలబెట్టుకుని, స్కూటర్ల వెనక కౌగిలించుకుని, కారు కిటికీలకి ఆనించి, మొహాలు బయటికి పెట్టి తీసుకెళ్ళారు. సిగ్నల్ దగ్గర అన్నీ ఒకేసారి ఆగాయి. పక్కనే బస్సులోవాళ్ళు ఎవరీ పెద్దమనుషులు అన్నట్టు చూస్తున్నారు. పచ్చదీపం వెలిగింది. హూడి రోడ్డు మీద తలో దారి పట్టి కదిలారు, ఒక్కొక్క కంట్లో ఒక్కొక్క కిటికీతో, ప్రతి కిటికీ దగ్గరా ఎడంచెయ్యి ఎత్తి నిలబడ్డ మా పిన్నితో.